ఎవరిదో తెలియనప్పుడు అడగండి
(యంత్రానువాద సేవలు నడుపుతున్న సంస్థల భాషా విభాగాలకు బహిరంగ లేఖ)



స్పానిష్‌లో ‘సు’ అని ఒక చిన్న మాట ఉంది. నామవాచకానికి ముందు చేరి అది ఎవరిదో చెబుతుంది. చెబుతుందన్న మాటే గాని, చెప్పేది చాలా కొంచెం. ‘సు కాసా’ అంటే అతని ఇల్లు కావచ్చు, ఆమె ఇల్లు కావచ్చు, వాళ్ళ ఇల్లు కావచ్చు. ఎదురుగా ఉన్న ఒక పెద్దమనిషిని మన్నించి అన్న ‘మీ ఇల్లు’ కావచ్చు, ఎదురుగా ఉన్న పదిమందినీ కలిపి అన్న ‘మీ ఇల్లు’ కూడా కావచ్చు. కుక్కదైనా కంపెనీదైనా అదే మాట. సొత్తు ఒకటికి మించితే ‘సుస్’ అవుతుంది తప్ప, సొంతదారు ఆడా మగా, ఒకరా నలుగురా అన్నది దానికి పట్టదు. ఇంగ్లీషుకు ఈ వెసులుబాటు లేదు. హిజ్, హర్, ఇట్స్, దెయిర్, యువర్ అనే అయిదింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మీ యంత్రాలు ఎంచుకుంటున్నాయి. ఎంచుకున్నామన్న సంగతి మాత్రం చదివేవాడికి చెప్పడం లేదు. నా ఫిర్యాదు ఎంపిక గురించి కాదు, ఈ దాపరికం గురించి. ఆ స్పానిష్ ఏ ప్రాంతానిదో కనుక్కోకుండా చేసే ఎంపిక ఊహకన్నా గొప్పదేమీ కాదన్నది నా వాదన. ఊహించినప్పుడు ఊహించామని చెప్పడం మీ బాధ్యత.

తెలుగులో రాయడానికి కారణాలున్నాయి. మీ సంస్థల్లో తెలుగు చదవగల ఇంజనీర్లకు కొదవ లేదు. పైగా ఈ చిక్కు స్పానిష్‌కూ ఇంగ్లీషుకూ మధ్య ఆగిపోయేది కాదు, తెలుగు దాకా వస్తుంది. ఆ మాట తర్వాత చెబుతాను.

ముందు ఒక వాక్యం చూడండి. ‘ఆనా లె దిహో ఆ పేద్రో కె సు మాద్రె అబీయా యెగాదో.’ ఆనా పేద్రోతో ఎవరి అమ్మో వచ్చిందని చెప్పింది. ఎవరి అమ్మ? ఆనా అమ్మ కావచ్చు, పేద్రో అమ్మ కావచ్చు. వాళ్ళిద్దరూ తోబుట్టువులైతే ఇద్దరి అమ్మా కావచ్చు. అంతకు ముందు వాక్యంలో ప్రస్తావనకు వచ్చిన ఇంకెవరి అమ్మో కావచ్చు. ఈ కబురు చెబుతున్నవాడు ఎదుటి మనిషిని ‘మీరు’ అని పిలిచేవాడైతే, ఆ ‘మీ’ అమ్మ కూడా కావచ్చు. వ్యాకరణం వీటిలో దేన్నీ కాదనదు. ఇదే సంగతిని తెలుగులో చెప్పమంటే మనవాళ్ళు తడుముకోకుండా ‘వాళ్ళమ్మ వచ్చిందని ఆనా పేద్రోతో చెప్పింది’ అంటారు. మన ఇళ్ళల్లో ఒక్కడి తల్లిని చెప్పేటప్పుడు కూడా ‘వాళ్ళమ్మ’ అంటాం. అందుచేత స్పానిష్‌లోని అస్పష్టత, ఒక్క ‘మీ’ సంగతి మినహాయిస్తే, దాదాపు అంతా తెలుగులో భద్రంగా నిలబడుతుంది. ఇంగ్లీషులో నిలబడదు. అక్కడ ‘హర్ మదర్’ అని పడితే పేద్రో తల్లి కథలోంచి తప్పుకుంటుంది, ‘హిజ్ మదర్’ అని పడితే ఆనా తల్లి తప్పుకుంటుంది. తప్పుకున్నట్టు ఎవరికీ తెలియదు.

ఈ ఇబ్బంది స్పానిష్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. లాటిన్‌లో ‘సూఉస్’ అనే మాట మన ‘తన’ లాంటిది, కర్తకు చెందినదాన్నే చెప్పేది. వేరేవాళ్ళది అనడానికి ‘ఎయుస్’ వంటి మాటలు విడిగా ఉండేవి. స్పానిష్‌లో ఆ రెండోరకం జారిపోయి, భారమంతా ‘సూఉస్’ సంతానమైన ‘సు’ మీద పడింది. ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు ‘వాళ్ళ’ అనడానికి లాటిన్ ‘ఇల్లోరుమ్’ నుంచి వేరే మాట చేసుకున్నాయి. స్పెయిన్‌లోనే పాత అరగోన్ ప్రాంతపు భాషలో ‘లుర్’ అనే మాట ఆ పని చేసింది. నేటి స్పానిష్‌కు మూలమైన కాస్తీయ భాష మాత్రం చేసుకోలేదు. ఆ తర్వాత మర్యాద వచ్చి మీద పడింది. ‘బ్వెస్త్రా మెర్సెద్’ అంటే ‘తమరి దయ’. మన ‘తమరు’, ‘ఏలినవారు’ తరహాలో మనిషిని నేరుగా కాకుండా ఆయన గుణం పేరుతో పిలవడం. అది వాడుకలో అరిగి అరిగి ‘ఉస్తెద్’ అయింది. ‘తమరి దయ’ ప్రథమ పురుష గనక దానికి క్రియా ప్రథమ పురుషలోనే వచ్చింది, షష్ఠీ ‘సు’నే వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిదీ ఎక్కడో ఉన్న మనిషిదీ ఒకే మాట కావడం వెనక ఉన్నది ఆ మర్యాదే.

ప్రాంతాల సంగతి ఇక్కడే మొదలవుతుంది. ‘సు’ మోసే బరువు అన్నిచోట్లా ఒకటి కాదు. ఒక ప్రాంతంలో అది ఎన్ని అర్థాలు మోస్తుందన్నది, అక్కడివాళ్ళ నోట ఇంకా ఏ షష్ఠీ మాటలున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మాద్రిద్‌లో తల్లి పిల్లలందరినీ కలిపి పిలిచేటప్పుడు చనువుగా ‘మీరంతా’ అనే అర్థంలో ‘బొసోత్రోస్’ అంటుంది, వాళ్ళ సామాన్లు ‘బ్వెస్త్రాస్ కోసాస్’. అక్కడ ‘సుస్ కోసాస్’ అంటే చాలావరకు వేరేవాళ్ళవే. మెక్సికోలో ‘బొసోత్రోస్’ వాడుకలో లేదు. సొంత పిల్లలైనా ‘ఉస్తెద్’ బహువచనమైన ‘ఉస్తెదెస్’, వాళ్ళ సామాన్లు ‘సుస్ కోసాస్’. లాటిన్ అమెరికా అంతటా ఇంతే. స్పెయిన్ ఒకవైపు, లాటిన్ అమెరికా ఒకవైపు అని గీత గీసి కూర్చుందామా అంటే అదీ కుదరదు. కానరీ దీవుల్లో ఎక్కువగా ‘ఉస్తెదెస్’ వాడతారు. పశ్చిమ అందలూసియాలో ‘ఉస్తెదెస్’ అంటూనే క్రియను ‘బొసోత్రోస్’కు తగ్గట్టు పలకడం వింటాం. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో చనువైన మనిషి ‘బోస్’. ఆ మాట చూసి షష్ఠీ ‘బ్వెస్త్రో’ అనుకుంటే తప్పు, అక్కడది ‘తు’, అంటే ‘నీ’. బోగోతా చుట్టుపక్కల కొండప్రాంతాల్లో భార్యాభర్తలు, తల్లీబిడ్డలు, ప్రాణస్నేహితులు కూడా ఒకరినొకరు ‘ఉస్తెద్’ అనుకోవడం మామూలే. కోస్తారికాలోనూ ఆ అలవాటు బలంగా ఉంది. అక్కడ ‘సు మామా’ అన్నది ముఖాముఖి చనువుగా ‘మీ అమ్మ’ కావచ్చు. అదే కొలంబియాలో కరీబియన్ తీరానికి వెళ్తే ‘తూ’ (నువ్వు), కాలీ, మెదెయీన్ నగరాల్లో ‘బోస్’. బొయకా ప్రాంతంలో ‘సుమెర్సే’ అనే పిలుపు ఇంకా బతికే ఉంది. దాన్ని విప్పితే మొదట కనిపించేది మళ్ళీ ‘సు’నే. ఒక్క దేశంలోనే ఇంత ఉంటే, 20 దేశాల అధికార భాషకు మీ మెనూలో ‘స్పానిష్’ అనే ఒకే ఒక్క పేరు పెట్టి సరిపుచ్చడం ఎలా చాలుతుంది?

మాట్లాడేవాళ్ళు ఇబ్బంది పడటం లేదా అంటే, పడ్డచోటల్లా దారి వెతుక్కున్నారు. ‘దె ఎల్’ అంటే అతనిది, ‘దె ఎయా’ అంటే ఆమెది, ‘దె ఉస్తెద్’ అంటే మీది అని పేరు వెనక తగిలించి తేల్చేస్తారు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మాటల్లో ఉత్త ‘సు’ను ‘మీ’ కింద తీసుకునే మొగ్గు, మూడో మనిషిదైతే ‘దె ఎల్’, ‘దె ఎయా’ అని విడమర్చే మొగ్గు కనిపిస్తుంది. పక్కింటి పోర్చుగీసు బ్రెజిల్‌లో ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్ళి, ‘సెఊ’ను దాదాపు ‘మీ’కి వదిలేసి మూడో మనిషికి ‘దెలె’, ‘దెలా’ పెట్టుకుంది. అంటే ఉత్త ‘సు’ కనబడినప్పుడు ఏ అర్థం ముందు తట్టాలన్నది కూడా ఊరిని బట్టి మారుతుంది.

దీని బరువు తెలియాలంటే వ్యాకరణ పుస్తకం వదిలి ఆసుపత్రి కాగితం దగ్గరికి రావాలి. కాన్పు అయి ఇంటికి వెళ్తున్న తల్లికి ఇచ్చే సూచనల్లో ఇలాంటి వాక్యం ఉండవచ్చు: ‘సి సు తెంపెరతూరా పాసా దె 38 గ్రాదోస్, యామెనోస్.’ జ్వరం 38 డిగ్రీలు దాటితే మాకు ఫోన్ చేయండి. ఎవరి జ్వరం? బాలింతకు జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ అని భయపడాలి. నెలల పసికందుకు జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండూ నిజమైన ప్రమాదాలే, వైద్యం మాత్రం వేరు. ఇప్పుడు క్రియను చూడండి. ‘యామెనోస్’ అన్నది ‘ఉస్తెద్’కు చెప్పే మాట, అంటే తల్లిని ‘మీరు’ అంటున్నారు. కాబట్టి ‘సు’ తల్లిదైనా కావచ్చు, బిడ్డదైనా కావచ్చు. అదే కాగితంలో ‘యామనోస్’ అని ఉంటే? ‘మె’ బదులు ‘మ’, ఒక్క అచ్చు తేడా. ఆ మాట ‘తూ’కు చెప్పేది. తల్లి ‘తూ’ అయితే ఆమె జ్వరం ‘తు తెంపెరతూరా’ అయ్యేది. ‘సు’ అన్నారంటే అది బిడ్డదే. సాక్ష్యం వాక్యంలోనే ఉంది, తీసుకునేవాడికి తీసుకున్నంత. కానీ అదే కాగితంలో రెండో వాక్యం ‘సు తెంపెరతూరా రాత్రి 38 దాటింది’ అన్న తీరులో ఉండి, ఎవరినీ పిలవకపోతే క్రియ సాయం చేయదు. అప్పుడు మిగతా కాగితంలో తల్లిని ఎలా సంబోధించారో వెతకాలి. అక్కడా దొరకకపోతే కాగితం ఏ ఊరిదో చూడాలి. చిన్నవయసు తల్లిని నర్సులు ‘తూ’ అనే ఊళ్ళున్నాయి, కన్నకూతురిని కూడా ‘ఉస్తెద్’ అనే ఊళ్ళున్నాయి. మొదటి రకం ఊరి కాగితమైతే బిడ్డ వైపు మొగ్గాలి, రెండో రకం ఊరిదైతే మొగ్గడానికి ఆధారమే లేదు. అడగాలి. మీ యంత్రం ‘యువర్ టెంపరేచర్’ అని నున్నగా రాసిచ్చిన కాగితం చేతికొచ్చిన అమెరికా డాక్టరు ఎందుకు అనుమానపడతాడు? ఇంగ్లీషు వాక్యంలో అనుమానించడానికి ఏమీ మిగలలేదు కదా.

ఇంతవరకు చెప్పినవి ‘సు’ ఎవరిదో తెలియని సందర్భాలు. తెలిసినట్టే కనిపించి తిప్పికొట్టే సందర్భాలు ఇంకో రకం. మెక్సికోలో పాత మర్యాద తెలిసినవాళ్ళు తమ సొంత ఇంటిని ఎదుటివాళ్ళతో ‘సు కాసా’ అంటారు. ‘లో ఎస్పేరో ఎన్ సు కాసా’ అన్నాడంటే ‘మీ ఇంట్లో మీకోసం చూస్తుంటాను’ అని అక్షరార్థం. ఆయన అన్నది మాత్రం మా ఇంటికి రండి అని. మెక్సికో వెలుపలి స్పానిష్‌వాళ్ళే ఇది విని తికమకపడ్డారన్న ముచ్చట్లు బోలెడు. దీన్ని ‘యువర్ హౌస్’ అని అనువదిస్తే మాటకు మాట సరిపోతుంది, చిరునామా తప్పుతుంది. పోలీసు వాంగ్మూలంలో ఇలాంటి వాక్యం పడితే ఎవరింట్లో కలుసుకున్నారన్నది తలకిందులవుతుంది. ‘సు సెర్విదోర్’ కూడా ఈ జాతిదే. మన పాత ఉత్తరాల చివర ఉండే ‘మీ విధేయుడు’ లాంటి మాట అది. కాకపోతే వాక్యం మధ్యలో కూడా ‘నేను’ అనడానికి బదులుగా వాడతారు. అది యంత్రంలోంచి ‘హిజ్ సర్వెంట్’ అయి బయటికి వస్తే లేని నౌకరు ఒకడు పుట్టుకొస్తాడు. ఇక పెరూ కొండప్రాంతాల్లో ‘దె పేద్రో సు మామా’ అంటారు. పేద్రో యొక్క, అతని అమ్మ. మెక్సికోలో కొన్నిచోట్ల ‘సు మామా దె పేద్రో’. మాద్రిద్ చెవికి ఇది తప్పు స్పానిష్. కెచువా భాషలో సొంతదారు మీదా సొత్తు మీదా రెండుచోట్లా గుర్తు పెట్టడం నియమం. ఆ భాష పక్కన శతాబ్దాలు బతికిన స్పానిష్‌లో ఆ అలవాటు వేళ్ళూనుకుంది. తెలుగువాళ్ళకు ఇది వింతగా ఉండనక్కర్లేదు. ‘రవి వాళ్ళమ్మ’ అనేటప్పుడు రవి పేరు చెప్పాక కూడా ‘వాళ్ళ’ అని మరోసారి తగిలించడం మనకూ అలవాటే. ఆ స్పానిష్ మాటలో సొంతదారు ఒక్కడే, పేద్రో. ‘సు’ను విడదీసి చదివిన యంత్రం అక్కడ రెండో మనిషిని సృష్టించగలదు.

అసలు ‘సు’ లేనిచోట కూడా ఇంగ్లీషు సొంతదారును అడుగుతుందన్నది ఇంకో బాధ. తలనొప్పి, మోకాలి ఆపరేషన్ వంటివాటికి స్పానిష్‌లో ‘ఆ తల’, ‘ఆ మోకాలు’ అంటే చాలు, ఎవరికి అన్నది ‘లె’ అనే చిన్నమాట చెబుతుంది. ఆ ‘లె’ కూడా ఆడా మగా చెప్పదు. దీని గురించి ఎక్కువ రాయను, పై రోగానికే ఇది ఇంకో లక్షణం.

మనుషులైన అనువాదకులు ఇలాంటిచోట ఏం చేస్తున్నారు? కోర్టు దుబాసీ అయితే ఆగి, సాక్షి మాట రెండు రకాలుగా ఉంది, స్పష్టత కోరుతున్నానని జడ్జీకి చెబుతాడు. రాతప్రతి అనువదించేవాడు అంచున గుర్తు పెడతాడు. అమెరికాలో ఫెడరల్ కోర్టుల్లో దుబాసీల అర్హతల గురించి 1978 నుంచీ చట్టం ఉంది. తెలియనిచోట అడగడం ఆ వృత్తిలో చేతకానితనం కింద లెక్క కాదు, ధర్మం కింద లెక్క. ఆ ధర్మం యంత్రానికి నేర్పకుండానే మనం దాన్ని రోడ్డు మీదికి దించాం. 2018లో కాన్సాస్‌లో ఒక ఫెడరల్ కోర్టు, ఫోన్లోని అనువాద సేవతో స్పానిష్ మాట్లాడే కారు డ్రైవరును సోదాకు ఒప్పించామన్న పోలీసు వాదనను ఒప్పుకోలేదు. ఆ అనువాదంలో ‘సోదా చేయవచ్చా’ అన్నది ‘వెతుక్కోవచ్చా’ అన్నట్టు తయారైంది. దొరికిన సాక్ష్యాన్ని కోర్టు పక్కన పెట్టింది. అక్కడ చిక్కు ‘సు’ కాదు, ఒక క్రియ. కానీ యంత్రం తన అనుమానాన్ని బయటపెట్టకపోతే ఒక మనిషి హక్కు దాకా ఎలా వెళ్తుందో చూపడానికి అది చాలు. 2024లో అమెరికా ఆరోగ్య శాఖ, ప్రభుత్వ సొమ్ము అందుకునే ఆసుపత్రులు కీలకమైన రాతప్రతులకు యంత్రానువాదం వాడితే అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలని నిబంధన పెట్టింది. మంచిదే. అయితే సరిచూసే మనిషికి ఎక్కడ చూడాలో మీ యంత్రం చెప్పదు. ఆయన ప్రతి ‘హిజ్’నూ, ప్రతి ‘యువర్’నూ పట్టి పట్టి మూలంతో పోల్చుకోవాల్సిందే.

యంత్రానువాదం ఈ తప్పును ఇన్నాళ్ళు పట్టించుకోకపోవడానికి మీ కొలబద్ద కూడా కారణం. 2002లో ఐబీఎం పరిశోధకులు ప్రతిపాదించిన ‘బ్లూ’ అనే కొలతతోనే చాలాకాలం ఈ రంగం తన ప్రగతిని లెక్క వేసుకుంది. యంత్రం రాసిన వాక్యంలో ఎన్ని మాటలు, ఎన్ని మాటల గుంపులు మనిషి అనువాదంతో కలుస్తున్నాయో అది చూస్తుంది. ఇరవై మాటల వాక్యంలో ‘హర్’ బదులు ‘యువర్’ పడితే ఆ లెక్కలో పోయేది చాలా స్వల్పం. జ్వరం తల్లిదా బిడ్డదా అన్నది ఆ లెక్కకు అందదు. 2016లో పెద్ద సేవలు న్యూరల్ పద్ధతికి మారాక వాక్యాలు నున్నబడ్డాయి, పని మాత్రం ఎక్కువగా వాక్యం వాక్యంగానే సాగింది. పరిశోధకులు ఊరుకోలేదు. 2015లోనే సర్వనామాల అనువాదం మీద ప్రత్యేకంగా పోటీ పెట్టి పరీక్షించారు, తర్వాత జర్మన్ లింగభేదాల మీద పరీక్షా వాక్యాల సంకలనాలు వచ్చాయి. ఆ పనిలో పెద్ద భాగం ఇంగ్లీషు నుంచి బయటి భాషల్లోకి పోయే వైపు జరిగింది. బోగోతా ‘సు’నూ మాద్రిద్ ‘సు’నూ విడివిడిగా పరీక్షించే వాక్యాలు, ఆయా ఊళ్ళవాళ్ళే రాసి ఆయా ఊళ్ళవాళ్ళే తీర్పు చెప్పే వాక్యాలు మీ పరీక్షల్లో ఉండాలని నేనడుగుతున్నాను.

మీ జవాబులు కొన్ని ఊహించగలను. సందర్భమంతా చదివే పెద్ద భాషా నమూనాలు వచ్చేశాయి, ఈ సమస్య పాతబడింది అనవచ్చు. సగం నిజం. ముందు పేరా ఇస్తే అవి బాగా పట్టుకుంటాయి. ముందు పేరానే లేని కాగితం, ఫోన్లో టైపు చేసిన ఒక్క వాక్యం ఇచ్చినప్పుడు అవి కూడా ఎంచుకుంటాయి, అంతే నున్నగా, అంతే నమ్మకంగా. అనువాదం గరుకుగా ఉన్న రోజుల్లో చదివేవాడు జాగ్రత్తపడేవాడు. ఇప్పుడు జాగ్రత్తపడడు. అందుకే చూపించాల్సిన అవసరం తగ్గలేదు, పెరిగింది. ఇంకొకరు ‘దెయిర్’ వాడితే సరిపోతుంది కదా అంటారు. ఒక్క మనిషికి ‘దే’ వాడటాన్ని ఇంగ్లీషు పత్రికలు కూడా క్రమంగా ఒప్పుకుంటున్నాయి, అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2017లో పరిమితంగా చోటిచ్చింది. దానివల్ల ఆడా మగా ప్రశ్న తప్పుతుంది గాని ఒకరా నలుగురా అన్న కొత్త ప్రశ్న పుడుతుంది. ‘మీ’దా వాళ్ళదా అన్న అసలు ప్రశ్న చెక్కు చెదరదు. జ్వరం విషయంలో తేలాల్సింది ఈ చివరి ప్రశ్నే.

ప్రతి వాక్యానికీ రెండు మూడు అనువాదాలు చూపిస్తే వాడేవాళ్ళు విసుక్కుంటారన్నది మరో అభ్యంతరం. ప్రతి వాక్యానికీ చూపమనడం లేదు. వాక్యమో కాగితమో తేల్చలేనప్పుడు, తేలకపోతే అర్థం మారేటప్పుడు మాత్రమే. ఇది జరగని పనేమీ కాదు. టర్కిష్‌లో ‘ఓ’ అనే సర్వనామం ఆడా మగా చెప్పదు. 2018 డిసెంబరులో గూగుల్ తన సేవలో ‘ఓ బిర్ దోక్తోర్’ వంటి వాక్యాలకు ‘షి’, ‘హి’ రెండు అనువాదాలూ పక్కపక్కన చూపడం మొదలుపెట్టింది. జనం విసుక్కుని ఆ సేవను వదిలేయలేదు. టర్కిష్ ‘ఓ’కు ఇచ్చిన మర్యాద స్పానిష్ ‘సు’కూ ఇవ్వండి. అక్కడ ‘యువర్’ను కూడా కలుపుకోవాలి, ఎందుకంటే ఇక్కడి సందేహం లింగంతో ముగిసేది కాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ప్రాంతం అడగడమంటే మనుషులకు ముద్రలు వేయడం కాదా? కొలంబియా అనగానే ‘ఉస్తెద్’ అనేస్తే తీరం మనిషికీ కాలీ మనిషికీ అన్యాయం. అమెరికా నగరాల్లో పుట్టిపెరిగిన పిల్లల నోట మెక్సికో, సాల్వడార్, పుయెర్తోరికో పలుకుబళ్ళు కలగలిసి ఉంటాయి. వాళ్ళను ఏ గడిలో పెడతారు? ఈ అభ్యంతరం న్యాయమైనదే, పూర్తిగా తోసిపుచ్చలేను. ప్రాంతం తీర్పు కాదు, మొగ్గు మాత్రమే. ముందు కాగితంలో పిలుపు ఎలా ఉందో చూడాలి, క్రియ చివర ఏముందో చూడాలి, అవి దొరకనప్పుడే ప్రాంతం దగ్గరికి రావాలి, అదీ చాలకపోతే తెలియదని చెప్పాలి. ఇప్పుడు మీరు ప్రాంతం అడగడం లేదంటే ఏ ప్రాంతాన్నీ పాటించడం లేదని కాదు. మీ శిక్షణ పాఠాల్లో ఏ స్పానిష్ ఎక్కువుంటే ఆ స్పానిష్‌నే అందరి నెత్తిన పెడుతున్నారని. చిలీలో ఉండి ఆంద్రేస్ బెయో 1847లోనే లాటిన్ అమెరికావాళ్ళ వాడకం కోసమని స్పానిష్ వ్యాకరణం రాశాడు. 2009లో స్పానిష్ అకాడెమీలన్నీ కలిసి తెచ్చిన కొత్త వ్యాకరణం అన్ని దేశాల వాడుకలనూ లెక్కలోకి తీసుకుంది. మాద్రిద్ అకాడెమీ పాటి ఉదారతైనా మీ మెనూ చూపించలేదా?

ఇక తెలుగు సంగతి. చాలా భాషల జంటలకు ఇంగ్లీషును మధ్యలో పెట్టుకుని నడవడం యంత్రానువాదంలో పాత అలవాటు. స్పానిష్‌లో ‘తు కాసా’ వేరు, ‘సు కాసా’ వేరు. ఇంగ్లీషులో రెండూ ‘యువర్ హౌస్’. తెలుగులో మళ్ళీ రెండు, ‘నీ ఇల్లు’, ‘మీ ఇల్లు’. మూలంలోనూ లక్ష్యంలోనూ ఉన్న భేదం మధ్యలో ఉన్న భాష వల్ల పోతోంది. మామగారితో ‘నీ’ అనిపించే అనువాదం ఇలాగే పుడుతుంది. ‘సు మాద్రె’ను ముందు ‘హిజ్ మదర్’ చేసి, దాన్ని ‘అతని తల్లి’ చేస్తే, ‘వాళ్ళమ్మ’ అన్న ఒక్క మాటతో భద్రంగా దాటిపోయేదాన్ని అనవసరంగా ఇరుకున పెట్టినట్టు. కర్తకు చెందినదైతే మనకు ‘తన’ ఉంది. ఆడా మగా చెప్పకుండానే పని జరిపే మాట. క్రియ దగ్గర తెలుగు వచ్చాడో వచ్చిందో తేల్చుకోవాల్సిందే, ‘ఎర్మానా’ అక్కో చెల్లెలో కూడా తేల్చుకోవాల్సిందే, కాబట్టి మన చిక్కులు మనకున్నాయి. కానీ ఇంగ్లీషు చిక్కులను కూడా అదనంగా మొయ్యాల్సిన పని లేదు. స్పానిష్ నుంచి తెలుగుకు వెళ్ళేటప్పుడు కనీసం ‘తూ’, ‘ఉస్తెద్’ భేదాన్ని, ‘సు’ ఎవరిదో తేలలేదన్న సమాచారాన్ని ఇంగ్లీషు దాటించి పంపండి.

నేను కోరేది కొత్త విజ్ఞానం కాదు. మూలభాష దగ్గర ‘స్పానిష్’ కింద ప్రాంతం చెప్పే వీలు, తెలియదని చెప్పే వీలు పెట్టండి. వాక్యాన్ని ఒంటరిగా కాకుండా కాగితంతో కలిపి చదివించండి. ఎంచుకోలేనిచోట ఎంచుకోలేదని రంగుతోనో గీతతోనో చూపండి. ఆరోగ్యం, న్యాయం, వలస కాగితాల దగ్గర ఇది మొదలుపెట్టండి. కథలూ వ్యాసాలూ కొంతకాలం ఆగినా ఫర్వాలేదు.

ఈలోగా అమెరికాలో డాక్టర్లుగా, నర్సులుగా, ఫార్మసిస్టులుగా ఉంటూ రోజూ స్పానిష్ కాగితాలు యంత్రానికిచ్చి ఇంగ్లీషులో చదువుకునే తెలుగువాళ్ళకు ఒక మాట. ‘హిజ్’, ‘హర్’, ‘యువర్’ అని కనబడితే ఒక్కసారి మూలంలోకి తొంగిచూడండి. అక్కడ ‘సు’ ఉంటే, అది రాసినవాళ్ళనో చెప్పినవాళ్ళనో ఎవరిదని అడగండి. స్పానిష్‌లో ఆ ప్రశ్నకు రెండే మాటలు: ‘దె కియెన్?’